కాలిబంతి గురువు రహీము సాహెబు

గత సంవత్సరము మన పాఠశాల జట్టు కాలిబంతి పోటీలకు వెళ్లినపుడు జరిగిన సంగతి పిల్లలు మరచియుండరు. ఆట సగము గడచిన పిమ్మట మన వెనుక వరుసలోని పిల్లవానికి చీలమండ బెణికినది. వెంట తీసికొనిపోయిన వారిలో మిగిలిన ఇద్దరికిని అంతకు ముందురోజే జ్వరము. పదిమందితోనే ఆడి, ఓడి, తిరిగివచ్చిరి. మరునాడు వరండాలో ఆ పిల్లలు ఒకరినొకరు నిందించుకొనుచుండిరి. కాలు బెణికిన వాడైతే తప్పంతయు తనదేనని గోడకానుకొని ఏడ్చుచుండెను. అప్పుడు మేము వారిని చుట్టును కూర్చుండబెట్టుకొని ఒక పెద్దమనిషి కథ చెప్పితిమి. ఆ కథ కొందరు తల్లిదండ్రుల చెవిని గూడ పడినదట. పత్రికకు వ్రాసియిమ్మని వారు కోరుటచే దానినే కొంత విస్తరించి ఇచట వ్రాయుచున్నాము.

ఆ పెద్దమనిషి పేరు సయ్యద్ అబ్దుల్ రహీము. హైదరాబాదులో అందరును ఆయనను రహీము సాహెబు అని గౌరవముతో పిలుచుచుండిరి. ఆయన 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రులైరి. చదువుకొను రోజులలోనే విశ్వవిద్యాలయపు జట్టులో కాలిబంతి ఆడి పేరు గడించిరి. తరువాత ఆయన చేపట్టినది మా వృత్తియే. కాచిగూడ, దారుల్ ఉలూము, చాదర్‌ఘాటు మొదలగు పాఠశాలలలో ఆయన ఉపాధ్యాయులుగా పనిచేసిరి. వ్యాయామ విద్యలో కూడ శిక్షణ పొంది ఆటలు నేర్పు భారమును తలకెత్తుకొనిరి. దేశమునకు రెండు మారులు ఆసియా క్రీడల స్వర్ణపతకమును తెచ్చిపెట్టిన శిక్షకుడు ఒక బడిపంతులని చెప్పుకొనునపుడు మాకు కొంచెము గర్వము కలుగుట సహజమే. పాఠకులు దానిని మన్నింతురు గాక.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియైరి. బ్రదికినంత కాలము ఆ పదవిలోనే ఉండిరి. 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టులోనివారు పోలీసు కొలువులో ఉండి ఆటలాడిన వారేగాని, నేటివలె లక్షలు, కోట్లు గడించిన వారు కారు. అటువంటి జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొనెను. 1950లో డ్యురాండ్ కప్పును కూడ గెలిచి, దేశమంతటను హైదరాబాదు పేరు మారుమ్రోగునట్లు చేసెను. అంతకు ముందు కాలిబంతి యనిన కలకత్తాయే, కలకత్తా యనిన కాలిబంతియే అన్నట్లుండెను.

రహీముగారు నేర్పిన పద్ధతిని గూర్చి కొంత చెప్పవలెను. మన పిల్లలు ఆడు ఆటను చూచినచో, బంతి దొరికిన వాడు దానిని కాలికి కట్టుకొన్నట్లు పరుగెత్తును. ఇద్దరు ముగ్గురు వానిపై పడుదురు. కాళ్లు కాళ్లు తగిలికొనును. దెబ్బలు తగులునది అక్కడనే. రహీముగారికి ఈ ఆట రుచించలేదు. బంతిని నేలమీదనే ఉంచవలెననియు, అందినంతనే తోటివానికి అందింపవలెననియు, అందించిన పిమ్మట నిలువక ఖాళీ చోటికి పరుగెత్తవలెననియు ఆయన మతము. దీనిని నేర్పుటకు ఆయన హైదరాబాదులో విచిత్రమైన పోటీలు పెట్టించుచుండిరి. ఒక పోటీలో బంతిని కాలితో నడిపించుకొని పోరాదు, తాకినంతనే అందింపవలెను. మరియొక పోటీలో అలవాటైన కాలితో తన్నరాదు. చేతకాని కాలితోనే ఆడవలెను. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను తంటాలు పడుచుండగా చూచువారికి నవ్వు వచ్చియుండును. కాని ఒక కాలికి దెబ్బ తగిలిననాడు ఆ రెండవ కాలే జట్టును కాపాడునని తెలిసినవారికి అది నవ్వులాట కాదు. రహీముగారు గాయములను తలచియే ఈ పోటీలు పెట్టిరో లేదో గాని, గాయములు కలిగిననాడు అవి అక్కరకు వచ్చునవని మాకు తోచుచున్నది.

గాయము అనునది ఆనాడు ఎంతటి ఆపదయో నేటి పిల్లలకు తెలియదు. నేడు ఒకనికి కాలు నొచ్చినచో చేయి పైకెత్తును. బెంచీమీది వాడు లోపలికి వచ్చును. ఆనాడు అట్లు కాదు. ఇంగ్లండు లీగు పోటీలలో బదులు ఆటగానిని దింపు పద్ధతి 1965లో గాని మొదలు కాలేదు. ప్రపంచకప్పు పోటీలకు అది 1970లో వచ్చినది. అంతకు ముందు ఆట నడుమ ఎవనికైనను ఎముక విరిగినచో జట్టు పదిమందితోనే మిగిలిన కాలము గడపవలెను. అందువలన కుంటువాడు కూడ మైదానము విడువక ఒక ప్రక్కన నిలిచియుండెడివాడు. నష్టము ఒక్కనితో పోవునది కూడ కాదు. వెనుక నడుమ నిలుచువాడు పడిపోయినచో ప్రక్కవాడు ఆ చోటికి జరుగవలెను. వాని చోటికి ముందు వరుసనుండి ఒకడు దిగవలెను. ముందువారికి బంతి అందించువాడు లేక వారు ఊరకయే నిలువవలెను. ఇంటిలో తల్లి మంచము పట్టినపుడు పొయ్యి మొదలు పశువుల కొట్టము వరకు పనులన్నియు తారుమారగుట మనమెరుగుదుము గదా! ఇదియు అంతే. పోటీలు వారములు, నెలలు సాగునవి గనుక ఒకనాటి గాయము ఆ సంవత్సరమంతటిని తలక్రిందులు చేయగలదు.

రహీముగారి చేతికి భారతదేశపు జట్టు వచ్చిన తరువాత మొదటి విజయము 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో లభించెను. చివరి ఆటలో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో ఇరానును ఓడించి మనవారు స్వర్ణపతకము గెలిచిరి. మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో పరాభవము. మనవారిలో పలువురు ఆ చలిదేశమున బూట్లు లేక వట్టి పాదములతో ఆడిరి. యుగోస్లావియా పది గోలులు కొట్టగా మనకు దక్కినది ఒక్కటే. ఆ పిమ్మట మన దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసెను. వట్టి కాళ్లతో ఆడుట గొప్పయని నేటికిని చెప్పుకొనువారు కలరు. పచ్చిక మీద తడి, ఎదుటివాని బూటు క్రింద మేకులు, వీని నడుమ వట్టి పాదముల గతి యేమో తలచినచో ఆ గొప్పతనము కరగిపోవును.

1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలు మన కాలిబంతి చరిత్రలో మరువరానివి. హంగేరీ జట్టు పోటీనుండి తప్పుకొనుటచే మనవారికి మొదటి మెట్టు ఆడకయే దాటుట తటస్థించెను. తరువాత ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4-2తో ఓడించిరి. నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోలులు కొట్టెను. ఒలింపిక్ కాలిబంతిలో ఆ ఘనత సాధించిన మొదటి ఆసియావాసి అతడే. ఆ తరువాత యుగోస్లావియాపై మొదటి గోలు మనదే యైనను 4-1తో ఓటమి తప్పలేదు. కంచుపతకము కొరకు బల్గేరియాతో ఆడి ఓడి, నాలుగవ స్థానమున నిలిచిరి. నాటి జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, అహమ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ మొదలగు హైదరాబాదువారు పలువురుండిరి.

ఆ జట్టులోనే తులసీదాస్ బలరాము అను పందొమ్మిది, ఇరువది ఏండ్ల యువకుడు కూడ ఉండెను. ఇతనిని గూర్చి మన పిల్లలకు ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. బలరాము సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టినవాడు. ఇంటిలో తమిళము, చుట్టును తెలుగు, నగరమున ఉర్దూ. అన్యభాషా ప్రాంతమున తెలుగు చదువుకొనుచున్న మన పిల్లలకు ఇట్టి బాల్యము క్రొత్త కాదు. పేద కుటుంబము. ఆటలు జరుగు మైదానము ఇంటికి చాల దూరము. రోజును వచ్చి పోవుటకు సైకిలు అద్దె డబ్బులు రహీముగారే ఇచ్చుచుండిరని బలరాము వృద్ధాప్యమున కూడ కృతజ్ఞతతో చెప్పుకొనుచుండిరి. ఆ అద్దె సైకిలు ఎక్కి వచ్చిన బాలుడే 1960లో రోము ఒలింపిక్ క్రీడలలో హంగేరీపై గోలు కొట్టెను. ఆ క్రీడలలో మనవారు హంగేరీతో 1-2తో ఓడినను ఫ్రాన్సును 1-1తో నిలిపివేసిరి.

ఇక మేము పిల్లలకు చెప్పదలచిన అసలు ఘట్టము 1962వ సంవత్సరపు జకార్తా ఆసియా క్రీడలు. ఇండోనేషియా ప్రభుత్వము ఇజ్రాయేలు, తైవాను దేశములవారిని ఆ క్రీడలకు రానీయలేదు. భారతీయుడైన క్రీడాధికారి జి. డి. సోంధీగారు దానిని ఆక్షేపించిరి. ఆ కోపమంతయు జకార్తా జనులు మన ఆటగాండ్రపై చూపిరి. మనవారు మైదానమున అడుగిడినంతనే ఈలలు, కేకలు. మన జాతీయ గీతమును కూడ వినబడనీయలేదు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించెను. రెండవ ఆటలో థాయిలాండుపై 4-1తో గెలుపు లభించినది గాని, వెనుక వరుసకు వెన్నెముకవంటి జర్నేల్ సింగు తలకు గట్టి దెబ్బ తగిలెను. కుట్లు పడినవి. మరుసటి ఆటకు అతడు లేడు. అయినను జపానును 2-0తో ఓడించి మనవారు ముందుకు సాగిరి. మరొక వైపు ప్రధాన గోలుకీపరు పీటర్ తంగరాజు జ్వరముతో పడకనంటి యుండెను. అతని స్థానమున ప్రద్యోత్ బర్మన్ నిలిచెను. త్రిలోక్ సింగునకు కాలి వ్రేలికి గాయము. వీరందరిని మించి రహీముగారే రోగగ్రస్తులు. క్యాన్సరు ఆయన శరీరమును లోలోపల తినివేయుచుండెను.

ఇట్టి సమయమున సాధారణముగ ఎవరైనను ఏమి చేయుదురు? గాయపడిన వారిని ప్రక్కన పెట్టి, ఉన్నవారితో సరిపెట్టుకొందురు. లేనిచో గాయపడిన వానిని వాని చోటనే నిలిపి, భారము దైవముపై వేయుదురు. రహీముగారు ఈ రెండును చేయలేదు. జర్నేల్ సింగు కళాశాలలో చదువు రోజులలో ముందు వరుసలో ఆడినవాడని ఆయన ఎరుగుదురు. తలకు కుట్లున్న మనిషి వెనుక నిలిచినచో గాలిలో వచ్చు ప్రతి బంతిని తలతోనే ఎదుర్కొనవలసివచ్చును. ముందు నిలిచినచో తాను కోరినపుడే బంతికి ఎదురుపోవచ్చును. పైగా అంతటి భారీ మనిషి ఎదుటివారి గోలు ముంగిట నిలుచుటయే వారికి కలవరము. కనుక దక్షిణ వియత్నాముతో జరిగిన సెమీఫైనలు ఆటలో జర్నేల్ సింగు సెంటర్ ఫార్వర్డుగా దిగెను. గోలు కూడ కొట్టెను. మనవారు రెండు గోలులు ముందుండి, అవి రెండును పోగొట్టుకొని, కడకు కెప్టెను చునీ గోస్వామి గోలుతో 3-2గా గెలిచిరి.

ఫైనలులో ఎదురు నిలిచినది మొదట మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. ఆటకు ముందు రాత్రి రహీముగారు పిల్లలవంటి ఆ ఆటగాండ్రను చేరదీసి, తమకు రేపు ఒక కానుక కావలెననియు, అది స్వర్ణపతకమనియు అడిగిరని ఆ జట్టులోనివారు తరువాతి కాలమున చెప్పుచుండిరి. గురువుగారి ఆరోగ్యము ఎట్లున్నదో వారిలో ఎందరికి పూర్తిగా తెలియునో గాని, ఆ కోరికను మాత్రము ఎవరును మరువలేదు.

సెప్టెంబరు 4వ తేదీ. సెనయాన్ మైదానమున లక్ష వరకు జనము. అందరును కొరియా పక్షమే. మనకు అండగా కేకలు వేసిన వారు పాకిస్తాను హాకీ జట్టువారని చెప్పుదురు. పరదేశమున చెవికి తెలిసిన పలుకు ఎంత ధైర్యమిచ్చునో దూరమున బ్రదుకువారికి వేరే చెప్పనక్కరలేదు. రహీముగారు ఆనాడు జ్వరమునుండి కోలుకొనుచున్న తంగరాజును మరల గోలులో నిలిపిరి. అతని ఎత్తు కొరియావారి పొడవైన బంతులకు అడ్డుపడునని ఆయన ఊహ. త్రిలోక్ సింగు వ్రేలి గాయముతోనే వెనుక నిలిచెను. అరుణ్ ఘోష్ అతనికి తోడు. తలకు కట్టుతో జర్నేల్ ముందు నిలిచెను. పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ మొదటి గోలు కొట్టెను. ఇరువదవ నిమిషమున రెండవ గోలు. కొట్టినది జర్నేల్ సింగు. ఆ తరువాత గంటకు పైగా కొరియావారు తాకుచునే యుండిరి. ఎనుబదియయిదవ నిమిషమున వారికి ఒక గోలు దొరికెను. మిగిలిన ఆ కొద్ది నిమిషములు మన బెంచీమీద కూర్చున్నవారు ఎట్లు గడపిరో గాని, 2-1తో స్వర్ణపతకము మనదాయెను.

ఇచట తల్లిదండ్రులకు ఒక మాట. తలకు గాయమైన వానిని కొలది దినములలోనే మరల ఆడించుట ఆనాటి వాడుక. నేటి వైద్యము దానిని అంగీకరింపదు. తలకు తగిలిన దెబ్బ పైకి చిన్నదిగ కనబడినను లోపల మెదడునకు హాని చేయగలదనియు, అది మానక మునుపే రెండవ దెబ్బ తగిలినచో ప్రాణాపాయము కూడ కలుగవచ్చుననియు నేడు తెలిసియున్నది. అందుచేతనే మెదడు అదిరిన ఆటగానికి బదులు అదనముగ మరియొకనిని దింపుటకు 2024 నుండి ఆట నిబంధనలలోనే చోటు కలిగెను. జర్నేల్ సింగు ధైర్యమును మేము మెచ్చుకొందుము; మన పిల్లవాడు తలకు దెబ్బతో ఆడుదునన్నచో మాత్రము చెవి పట్టుకొని ఇంటికి పంపుదుము.

మేము రహీముగారిలో మెచ్చునది గాయపడిన వానిని ఆడించుట కాదు. వానిని నిందింపకుండుట, వానిలో ఇంకను ఏమి మిగిలియున్నదో వెదకుట. వెనుక పనికిరానివాడు ముందు పనికివచ్చునని చూచుటకు, ఆ మనిషి కళాశాలలో ఏ చోట ఆడెనో కూడ గుర్తుంచుకొన్న గురువు కావలెను. వరండాలో ఏడ్చుచున్న పిల్లవానికి మేము చెప్పినది ఇదే. వాడు అప్పటికి కన్నులు తుడుచుకొనెను గాని, తాను సెంటర్ ఫార్వర్డుగా ఆడవచ్చునా అని మరునాడే అడుగుట మొదలిడెను!

జట్టులోని గాయములను అన్నిటిని సర్దుకొన్న ఆ మనిషికి తన రోగమును సర్దుకొను ఉపాయము దొరకలేదు. జకార్తా నుండి తిరిగివచ్చిన తరువాత ఆరోగ్యము నానాటికి క్షీణించెను. 1963వ సంవత్సరము జూను 11వ తేదీన, ఏబదినాలుగవ ఏడు నిండక మునుపే, రహీముగారు పరమపదించిరి. అది మన జట్టునకు తగిలిన గాయములలో అన్నిటికంటె పెద్దదని మేము తలంతుము. ఒక ఆటగాడు పడిపోయినచో చోటు మార్చి సరిపెట్టుటకు రహీముగారుండిరి. రహీముగారే పోయిన పిమ్మట చోట్లు మార్చువారెవరు?

ఆ జట్టు కూడ ఎక్కువ కాలము నిలువలేదు. ఆ సంవత్సరమే బలరాము ఊపిరితిత్తుల వ్యాధిచే ఆట మానవలసివచ్చెను. అప్పటికి అతనికి ఇరువదియారు, ఇరువదియేడు ఏండ్లకు మించి లేవు. 1964లో చునీ గోస్వామి దేశపు జట్టునుండి విరమించుకొనెను. మరల మరల తగిలిన గాయములతో పి. కె. బెనర్జీ 1967లో ఆట విడిచెను. 1964 ఆసియాకప్పులో రెండవ స్థానము, 1970 ఆసియా క్రీడలలో కంచుపతకము వచ్చినవి గాని, 2023 వరకు జరిగిన ఏ ఆసియా క్రీడలలోను మన పురుషుల జట్టునకు కాలిబంతిలో మరల స్వర్ణము రాలేదు. జర్నేల్ సింగు 2000లోను, బెనర్జీ, గోస్వామి ఇద్దరును 2020లోను, బలరాము 2023లోను మరణించిరి. రహీముగారి కుమారుడు హకీముగారు రోము ఒలింపిక్ జట్టులో సభ్యులై, తరువాత అంతర్జాతీయ రిఫరీగా పేరొంది, 2021లో స్వర్గస్థులైరి. 2024లో ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చువరకు రహీముగారి పేరే ఎరుగనివారు దేశమున ఎందరో ఉండిరి.

రహీముగారు మరణించిన ఆ 1963వ సంవత్సరపు రోవర్స్ కప్పును గెలిచినది ఆయన పెంచిన పోలీసు జట్టే. అప్పటికి దాని పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు. కప్పు తెచ్చి చూపుటకు మాత్రము గురువుగారు లేరు.